మూడవ అభ్యర్థికి వేసిన ఓటు వృథాయేనా?

2025 నవంబరు 11వ తేదీన జూబ్లీహిల్స్ శాసనసభా నియోజకవర్గానికి ఉప ఎన్నిక జరిగింది. ఆ రోజులలో శ్రీనగర్ కాలనీ నుండి కృష్ణానగర్ మీదుగా యూసుఫ్‌గూడ వైపు వెళ్ళే దారి పొడవునా జెండాలు, తోరణాలు, మైకుల హోరు. బరిలో నిలిచిన అభ్యర్థులు 58 మంది. అయినా టీ దుకాణం దగ్గర గాని, మసీదు మెట్ల దగ్గర గాని, సినిమా కార్మికులు పనికోసం ఎదురుచూసే కూడలిలో గాని వినవచ్చిన పేర్లు రెండే, మహా అయితే మూడు. మిగిలిన వారిని గూర్చి అడిగితే నవ్వి ఊరుకునేవారు.

ఆ వారంలోనే, పాఠం ముగించి తరగతి గది నుండి బయటికి వస్తూండగా ఒక విద్యార్థి నన్ను ఆపి ఇలా అడిగాడు. “సార్, నాకిది మొదటి ఓటు. నాకు నచ్చిన అభ్యర్థి ఒకరున్నారు. ఆయన గెలవడని అందరూ అంటున్నారు. అటువంటి వారికి వేస్తే ఓటు పాడైపోతుందని, గెలిచే ఇద్దరిలో ఒకరిని చూసుకొమ్మని మా అబ్బా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?”

ఎవరికి ఓటు వెయ్యాలో చెప్పడం అధ్యాపకుని పని కాదు. ఆ మాట చెప్పి, మరి రెండు మాటలు చేర్చేలోగా గంట మ్రోగింది. అతడు సలాం చేసి వెళ్ళిపోయాడు. కాని అతని ప్రశ్న మాత్రం నన్ను విడిచి పోలేదు. ఆ తండ్రి మాటలో అనుభవం ఉంది, కుమారుని మాటలో ఆత్మగౌరవం ఉంది. రెండింటికీ న్యాయం చేయగల సమాధానం ఏమైనా ఉన్నదా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

లెక్కించే పద్ధతిలోని మర్మం

మన శాసనసభకు, లోక్‌సభకు జరిగే ఎన్నికలలో ఒక స్థానానికి ఒక్కరే ఎన్నికవుతారు. ఓటరు ఒక్క గుర్తు మీదనే మీట నొక్కుతాడు. అందరికంటె ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడు విజేత. సగానికి మించి ఓట్లు రావాలన్న నియమం లేదు. ఈ ఒక్క సంగతిని గ్రహిస్తే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

ఒక ఊరిలో నూరుమంది ఓటర్లున్నారనుకుందాం. మొదటి అభ్యర్థికి 40, రెండవవానికి 35, మూడవవానికి 25 ఓట్లు వచ్చాయి. నలభై ఓట్లవాడే గెలిచాడు. తక్కిన అరవై మందికి అతడు ఇష్టుడు కాడు. మూడవ అభ్యర్థికి ఓటు వేసిన ఆ పాతికమందికి, తమవాడు లేకపోతే రెండవవాడే నయమన్న అభిప్రాయం ఉన్నదనుకుంటే, వారు తమకు బొత్తిగా ఇష్టం లేని మొదటివాని గెలుపునకు తెలియకుండానే తోడ్పడినట్లయింది. ఆ తండ్రి భయపడినది సరిగా దీనికే. ఆ భయం అజ్ఞానం వలన పుట్టింది కాదు. లెక్కింపు పద్ధతిలోనే దానికి మూలం ఉంది.

మారిస్ దువెర్జే అనే ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త 1951లో ప్రకటించిన గ్రంథంలో ఈ విషయాన్ని ఒక సూత్రంగా వివరించాడు. అధిక ఓట్లు వచ్చిన ఒక్కరినే గెలిపించే పద్ధతి ఉన్నచోట కాలక్రమాన రెండు పెద్ద పక్షాలే మిగులుతాయని ఆయన వాదం. దీనికి ఆయన రెండు కారణాలు చూపాడు. ఓట్లు ఎన్ని వచ్చినా, ఎక్కడా మొదటి స్థానం రాకపోతే మూడవ పక్షానికి సీట్లు దక్కకపోవడం మొదటిది. ఇది కనిపెట్టిన ఓటర్లు తమ ఓటు వ్యర్థం కారాదని తామే ముందుగా ఆ పక్షాన్ని విడిచిపెట్టడం రెండవది. మొదటిది లెక్కకు సంబంధించింది, రెండవది మనస్సుకు సంబంధించింది. “అతడు గెలవడు” అన్న మాట నలుగురి నోట పడి, తుదకు తనను తానే నిజం చేసుకుంటుంది.

ఐతే ఈ సూత్రం ప్రకృతి ధర్మం వంటిది కాదు. అన్ని కాలాలలో, అన్ని చోట్ల ఒకే ఫలితం ఇవ్వదు. దీనికి మన తెలుగునేలయే గొప్ప సాక్ష్యం.

1983లో రెండు దేశాలు, రెండు ఫలితాలు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుండి 1983 ఆరంభం దాకా రాష్ట్రాన్ని ఏలినది కాంగ్రెస్ పక్షమే. ప్రతిపక్షాలు లేకపోలేదు గాని అవి చీలి ఉండేవి. 1978 నుండి 1983 వరకు అయిదేండ్లలో మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, ఇలా నలుగురు ముఖ్యమంత్రులు మారారు. అటువంటి వేళ సుప్రసిద్ధ నటుడు నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీని స్థాపించారు. పాత షెవర్లే వాహనాన్ని చైతన్య రథంగా మార్చి ఊరూరా తిరిగారు. పార్టీ పుట్టి పది నెలలైనా నిండకుండానే, 1983 జనవరిలో జరిగిన ఎన్నికలలో 294 స్థానాలలో రెండు వందలకు పైగా గెలుచుకున్నది. కాంగ్రెస్‌కు 60 స్థానాలు మాత్రమే దక్కాయి. జనవరి 9న రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

అదే సంవత్సరం జూన్‌లో బ్రిటన్‌లో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. మన లెక్కింపు పద్ధతి మనకు సంక్రమించినది ఆ దేశం నుండే. అక్కడ కూడ లిబరల్ పక్షం, సోషల్ డెమోక్రాటిక్ పక్షం కలిసి ఒక కూటమిగా పాత పక్షాలు రెండింటినీ ఎదిరించాయి. ఆ కూటమికి నూటికి 25 మందికి పైగా ఓటు వేశారు. లేబర్ పక్షానికి పడినవి నూటికి 27 పైచిలుకు. ఓట్లలో వ్యత్యాసం రెండు శాతం మాత్రమే. స్థానాలు చూడబోతే లేబర్‌కు 209, కూటమికి 23.

ఒకే సంవత్సరం, ఒకే లెక్కింపు పద్ధతి. అక్కడ కొత్త కూటమి కుప్పకూలింది, ఇక్కడ కొత్త పార్టీ సింహాసనం ఎక్కింది. కారణమేమి? బ్రిటన్ కూటమి ఓట్లు దేశమంతటా పలుచగా పరచుకొన్నాయి. ఎక్కువ చోట్ల వారి అభ్యర్థి రెండవవాడుగానో మూడవవాడుగానో మిగిలిపోయాడు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం కాంగ్రెస్‌ను వద్దనుకున్నవారు అసంఖ్యాకంగా ఒకే గుర్తు వద్ద చేరారు. చైతన్య రథం వెంట వచ్చిన జనసమ్మర్దం ఒక పని చేసింది. “ఇతడు గెలవగలడు” అని ఒకరినొకరు చూసి నమ్మేటట్లు చేసింది. దువెర్జే చెప్పిన ఆ రెండవ కారణమే ఇక్కడ తిరగబడి కొత్త పార్టీకి బలమయింది. మూడవ పక్షం మూడవ స్థానంలో ఉన్నంతకాలం ఈ పద్ధతి దానిని శిక్షిస్తుంది. ఒకసారి మొదటి రెండు స్థానాలలోకి వచ్చిందా, అదే పద్ధతి దానికి దోహదం చేస్తుంది.

2009: చిత్రసీమ నుండి మరొక ప్రయత్నం

ఫిల్మ్‌నగర్ పరిసరాలలో నివసించే మనకు రెండవ ఉదాహరణ కూడ సుపరిచితమే. నటుడు చిరంజీవి 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పార్టీని ప్రారంభించారు. జనం తక్కువ రాలేదు, అభిమానం కొరవడలేదు. అయినా 2009 శాసనసభ ఎన్నికలలో ఆ పార్టీకి వచ్చినవి 18 స్థానాలు. వచ్చిన ఓట్లు నూటికి సుమారు 16. ఓట్ల దామాషాను బట్టి స్థానాలు పంచే పద్ధతి ఉన్నట్లయితే 294లో నలభైకి పైగా రావలసింది. కాంగ్రెస్ నూటికి సుమారు 36 ఓట్లతో 156 స్థానాలు, అనగా సగానికి పైగా గెలుచుకున్నది. చిరంజీవి తాను పోటీ చేసిన రెండు చోట్లలో తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు.

1983లో పాలక పక్షానికి ఎదురుగా ఉన్న చోటు దాదాపు ఖాళీగా ఉంది. 2009లో ఆ చోట తెలుగుదేశం, దాని మిత్రపక్షాలు అప్పటికే పాదుకొని ఉన్నాయి. కొత్తగా వచ్చిన వారు నిజంగానే మూడవవారైనారు.

ఆ తరువాతి కథ ఇంకా ఆలోచింపదగినది. 2011లో ప్రజారాజ్యం తాను ఎదిరించిన కాంగ్రెస్‌లోనే విలీనమయింది. “రెండు పక్షాలూ వద్దు” అని ఓటు వేసినవారి ఓటు, వారి ప్రమేయం లేకుండానే ఆ రెండింటిలో ఒకదాని ఖాతాలో జమయింది. మూడవ పక్షాలను సందేహించేవారికి ఇది బలమైన వాదం. దీనిని దాటవేయడం నిజాయితీ కాదు.

అదే 2009లో మన నగరంలోనే వేరొక దృష్టాంతం కనబడుతుంది. జయప్రకాశ్ నారాయణ్ స్థాపించిన లోక్‌సత్తా పార్టీ రాష్ట్రమంతటా పోటీచేసి ఒకే ఒక స్థానం గెలిచింది. అది కూకట్‌పల్లిలో ఆయన సొంత స్థానం. అయిదేండ్ల పాటు సభలో ఆ ఒక్క గొంతు వినిపించింది. 2016లో లోక్‌సత్తా ఎన్నికల రాజకీయాల నుండి వైదొలగింది. ఒక మంచి గొంతును సభకు పంపడం ఒక నియోజకవర్గానికి సాధ్యమే. దానిని పక్షంగా నిలబెట్టడం ఒక్క నియోజకవర్గం వలన అయ్యే పని కాదు.

పవన్ కళ్యాణ్ 2014లో స్థాపించిన జనసేన మరొక దారి చూపింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన పక్షాలు రెండింటికీ దూరంగా పోటీచేసి ఒక్క స్థానం మాత్రమే గెలిచింది. నాయకుడు తాను నిలిచిన రెండు చోట్లా ఓడిపోయాడు. 2024లో తెలుగుదేశంతోను, భారతీయ జనతా పార్టీతోను పొత్తు పెట్టుకొని, 21 శాసనసభ స్థానాలలో పోటీచేసి అన్నింటా గెలిచింది. లెక్కింపు పద్ధతి మారలేదు. ఆ పద్ధతికి తగినట్లు పార్టీయే తన దారి మార్చుకున్నది.

మన పొరుగున జరిగిన లెక్క

ఇక జూబ్లీహిల్స్ సంగతి చూద్దాం. నియోజకవర్గం పేరు కొండమీది భవనాలను తలపించినా, ఓటర్లలో అధికులు యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ బస్తీలవారు. అక్కడ ముస్లిం ఓటర్లు గణనీయంగా ఉన్నారు. కాబట్టి “ఓట్లు చీలరాదు” అన్న హెచ్చరిక ప్రతి ఎన్నికలోను అక్కడ వినిపిస్తూనే ఉంటుంది.

2023 ఎన్నికలలో భారత రాష్ట్ర సమితి అభ్యర్థి మాగంటి గోపీనాథ్, కాంగ్రెస్ అభ్యర్థి, మాజీ క్రికెట్ సారథి మహమ్మద్ అజహరుద్దీన్‌పై 16,337 ఓట్ల ఆధిక్యతతో గెలిచారు. మజ్లిస్ పార్టీ కూడ అభ్యర్థిని నిలిపింది. మజ్లిస్ ఓట్లు చీల్చినందువల్లనే కాంగ్రెస్ ఓడిందన్న మాట ఆనాడు చాలామంది నోట విన్నాను. లెక్క చూద్దాం. మజ్లిస్ అభ్యర్థికి వచ్చిన ఓట్లు 7,848. వాటిలో ఒక్కటీ విడువకుండా అన్నీ కాంగ్రెస్‌కే పడినాయనుకున్నా, ఇంకా ఎనిమిది వేలకు పైగా లోటు ఉండేది. ఓటమికి కారణం వేరే చోట వెదకవలసిందే. చీలిక అనే మాట ఎంత తేలికగా నోట వస్తుందో, దానిని అంకెలతో సరిచూసేవారు అంత అరుదు.

వెనుకకు, 2014కు పోదాం. ఆనాడు తెలుగుదేశం తరఫున గెలిచిన గోపీనాథ్‌కు సుమారు 51 వేల ఓట్లు వచ్చాయి. రెండవ స్థానంలో నిలిచినవాడు మజ్లిస్ అభ్యర్థిగా పోటీచేసిన వి. నవీన్ యాదవ్, ఆయనకు 41 వేలకు పైగా వచ్చాయి. అప్పటి శాసనసభ్యుడైన కాంగ్రెస్ అభ్యర్థి మూడవ స్థానానికి దిగిపోయాడు. ఇప్పుడు చెప్పండి, ఆ ఎన్నికలో ఎవరు ఎవరి ఓట్లు చీల్చినట్లు? కాంగ్రెస్‌ను ముఖ్య పక్షమని తలచి దానికి ఓటు వేసినవారే, ఫలితం తరువాత చూస్తే, మూడవ అభ్యర్థికి వేసినవారైనారు. మూడవవాడెవడో పెట్టెలు తెరచిన తరువాతనే నిశ్చయంగా తెలుస్తుంది. ముందుగా చెప్పేవారు చెప్పేది అంచనా మాత్రమే. కొన్నిసార్లు అది అంచనా రూపంలోని ప్రచారం.

2018లో అదే నవీన్ యాదవ్ స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి మూడవ స్థానంలో 18 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. ఆనాటి విజేత ఆధిక్యత సుమారు 16 వేలు. ఇక్కడ మాత్రం మూడవవాని ఓట్లు ఆధిక్యతను మించాయి. ఫలితం తారుమారయ్యేదా? ఆ ఓట్లు దాదాపు అన్నీ రెండవ అభ్యర్థికి పోయి ఉంటేనే అది సాధ్యం. నిజానికి అటువంటి ఓట్లు కొన్ని ఒకరికి, కొన్ని మరొకరికి పోతాయి. కొందరు అసలు ఇల్లు కదలరు.

గోపీనాథ్ మరణానంతరం 2025లో వచ్చిన ఉప ఎన్నికలో ఆయన సతీమణి సునీత భారత రాష్ట్ర సమితి అభ్యర్థిగా నిలిచారు. మజ్లిస్ అభ్యర్థిని నిలపక కాంగ్రెస్‌ను బలపరిచింది. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవే. ఆయన 24,729 ఓట్ల ఆధిక్యతతో గెలిచారు. ఒకే వ్యక్తి మూడు వేర్వేరు గుర్తులతో రెండవవాడు, మూడవవాడు, మొదటివాడు కావడం ఈ నియోజకవర్గం చూసింది. ఆయన మంచి చెడ్డలతో మనకిక్కడ పని లేదు. గమనింపవలసినది ఇది: 2014లోను, 2018లోను ఓడిన ఆ ఓట్లు నాడు ఎవరినీ సభకు పంపలేదు; కాని అంకెలుగా నమోదై ఉండిపోయాయి. పెద్ద పక్షాలు ఆ అంకెలను వ్యాపారి చిట్టా పుస్తకం చూసుకున్నట్లు చూసుకుంటాయి. ఎక్కడ ఎవరికి ఎంత బలమున్నదో అవి అక్కడే తెలుసుకుంటాయి.

మైనారిటీ ఓటరు మీది బరువు

ఓటు చీలరాదన్న ఉపదేశం అందరికీ సమానంగా అందదు. సంఖ్యలో తక్కువగా ఉన్నవారికి అది ఎక్కువగా అందుతుంది. మన విద్యార్థులలో చాలామంది దీనిని ఇంటిలోను, బయట కూడ వినే ఉంటారు. దీనిలో సత్యాంశం లేకపోలేదు. పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకరు గెలిస్తే తమ ప్రాణానికో, జీవనోపాధికో, గౌరవానికో ముప్పు అని నమ్మేవాడు మూడవవానిని గూర్చి ఆలోచించే విలాసం తనకు లేదనుకుంటాడు. ఆ భావనను పరిహసించే అధికారం ఎవరికీ లేదు.

కాని దీనికి మరొక ముఖం ఉంది. ఫలానావారి ఓటు ఎక్కడికీ పోదు అని ఒక పక్షానికి రూఢి అయిన తరువాత, ఆ ఓటరు వీధిలో మురుగు కాలువ బాగు చేయించవలసిన తొందర ఆ పక్షానికి ఉండదు. ఎదుటి పక్షం కూడ ఆ వీధికి రాదు. వచ్చినా లాభం లేదని దానికి తెలుసు. ఈ విధంగా భయంతో వేసిన ఓటు ఇరువురికీ అలుసవుతుంది. బస్తీలో మంచినీటి పైపు, పాఠశాలలో ఉర్దూ ఉపాధ్యాయుడు, ఆసుపత్రిలో వైద్యుడు, వీటిని గూర్చి అడిగేటప్పుడు మన మాటకు విలువ ఉండాలంటే మన ఓటు కదలగలదన్న సంగతి అవతలివారికి తెలిసి ఉండాలి.

దీనికి తోడు ఇంకొక మాట కూడ చెప్పాలి. పార్టీని చూసి కళ్ళు మూసుకొని వేయడం తగదన్నప్పుడు, పేరును చూసి, కులాన్ని చూసి, మతాన్ని చూసి కళ్ళు మూసుకొని వేయడం కూడ తగదు. మనవాడన్న ఒక్క కారణం చేత మూడవ అభ్యర్థికి వేసే ఓటు స్వతంత్రమైన ఓటు కానేరదు. అది గుర్తు మార్చుకున్న పాత అలవాటే.

పట్టభద్రుల ఓటు: మరొక లెక్కింపు

ఒకే ఓటరు, ఒకే నగరంలో, వేరొక పద్ధతిలో ఓటు వేసే సందర్భం కూడ ఉంది. అది శాసనమండలికి పట్టభద్రుల నియోజకవర్గాల నుండి జరిగే ఎన్నిక. అక్కడ మీట నొక్కడం ఉండదు. కాగితంపై అభ్యర్థుల పేర్ల ఎదుట ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్య క్రమంలో అంకెలు వేయాలి. ఎవరికీ సగానికి మించి మొదటి ప్రాధాన్య ఓట్లు రాకపోతే, అందరికంటె తక్కువ వచ్చినవానిని తొలగించి, అతని కాగితాలను వాటిపై ఉన్న రెండవ ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి పంచుతారు. ఈ విధంగా ఒకరొకరినే తొలగిస్తూ పోతారు.

ఇక్కడ మన విద్యార్థి సమస్య చాలవరకు తీరిపోతుంది. నచ్చినవానికి “ఒకటి” వేసి, గెలిచే ఇద్దరిలో నయమైన వానికి “రెండు” వేయవచ్చు. మొదటివాడు వెనుకబడినా ఓటు సజీవంగానే ఉంటుంది. ఈ పద్ధతిలోనే ఆచార్య కె. నాగేశ్వర్ స్వతంత్ర అభ్యర్థిగా హైదరాబాదు, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానం నుండి 2007లోను, తిరిగి 2009లోను గెలిచారు. 2021లో వరంగల్, ఖమ్మం, నల్లగొండ పట్టభద్రుల స్థానంలో పాలక పక్ష అభ్యర్థి మొదటి ప్రాధాన్య ఓట్లతో గెలవలేకపోయారు. ఒక స్వతంత్ర అభ్యర్థి ఆయనకు గట్టి పోటీ ఇచ్చి రెండవ స్థానంలో నిలిచాడు. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించిన పిమ్మటనే ఫలితం తేలింది.

పొరుగున శ్రీలంకలో అధ్యక్ష ఎన్నికకు ఇటువంటి పద్ధతియే ఉంది. 2019లో అక్కడ మూడు శాతం ఓట్లు మాత్రమే తెచ్చుకున్న అనుర కుమార దిసనాయకే 2024లో నూటికి 42 ఓట్లతో అగ్రస్థానంలో నిలిచారు. సగం దాటనందున రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించి ఆయనను విజేతగా ప్రకటించారు. ఆ దేశ చరిత్రలో రెండవ లెక్కింపు అవసరమైనది అదే మొదటిసారి. మూడు శాతం ఉన్ననాడు ఆయనకు ఓటు వేసినవారిని ఎందరు పరిహసించి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఈ పట్టభద్రుల ఓటు మీలో ప్రతి ఒక్కరికీ రాగలదు. పట్టా పొంది మూడేండ్లు నిండినవారు దానికి అర్హులు. అయితే అది దానంతట అది రాదు. 18వ నంబరు ఫారం నింపి పేరు నమోదు చేయించుకోవాలి. మన పూర్వ విద్యార్థులలో ఎందరు ఆ పని చేశారో వారే తమను తాము ప్రశ్నించుకోవాలి.

తెలుసుకొనదగిన కొన్ని నియమాలు

శాసనసభకు పోటీచేసే అభ్యర్థి పది వేల రూపాయలు, లోక్‌సభకైతే ఇరవై అయిదు వేలు డిపాజిట్టు కట్టాలి. షెడ్యూల్డు కులాల, తెగల వారికి అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరింట ఒక వంతుకు మించి రాకపోతే ఆ సొమ్ము పోతుంది. 2025 జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో మొదటి ఇద్దరు తప్ప తక్కిన 56 మందీ డిపాజిట్టు కోల్పోయారు. అభ్యర్థి డిపాజిట్టు పోయినంత మాత్రాన ఓటరు ఓటు పోయినట్లు కాదు. రెండింటినీ కలిపి చూడరాదు.

గెలిచిన తరువాత స్వతంత్రుడు అమ్ముడుపోతాడన్న అనుమానం తరచుగా వినబడుతుంది. 1985లో రాజ్యాంగానికి చేర్చిన పదవ షెడ్యూలు ప్రకారం, స్వతంత్రుడుగా గెలిచినవాడు ఆ పిమ్మట ఏ పార్టీలో చేరినా సభ్యత్వానికి అనర్హుడవుతాడు. పార్టీ గుర్తుపై గెలిచి పార్టీ విడిచినవానికి కూడ అనర్హత ఉంది. కాని ఒక పార్టీ శాసనసభ్యులలో మూడింట రెండు వంతుల మంది సమ్మతితో జరిగే విలీనానికి మినహాయింపు గలదు. కావున ఫిరాయింపు అనేది మూడవవారికే చెందిన దోషం కాదు.

పోటీలో ఉన్నవారెవరూ నచ్చనివారికి 2013 నుండి నోటా మీట ఉంది. అది అసమ్మతిని నమోదు చేస్తుంది గాని శాసనసభ ఫలితాన్ని మార్చదు. నోటాకు అత్యధికంగా ఓట్లు వచ్చినా, అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు పొందినవాడే విజేత. మూడవ అభ్యర్థికి వేసిన ఓటుకు, దీనికి ఇదే భేదం. ఒకటి “వీరు వద్దు” అని మాత్రమే చెబుతుంది. రెండవది “ఇతడు కావాలి” అని కూడ చెబుతుంది.

ఆ విద్యార్థికి నా సమాధానం

ఇంతదూరం వచ్చిన తరువాత నాకు తోచినది చెబుతాను. మూడవ అభ్యర్థికి వేసిన ఓటు వృథా కాదు. ఐతే అది ఉచితం కూడ కాదు. దానికొక ధర ఉంది. మనకు ఇష్టం లేనివాడు గెలిచే అవకాశమే ఆ ధర. ఆ ధర ఎంతో తెలుసుకొని, చెల్లించడానికి సిద్ధపడి వేసేవాని ఓటు గౌరవింపదగినది. తెలియక వేసేవాడు తరువాత పశ్చాత్తాపపడతాడు.

ధర తెలుసుకొనడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ముందున్న ఇద్దరి మధ్య నాకు, నా వీధికి, నా దేశానికి నిజమైన భేదం ఎంత ఉంది? భేదం స్వల్పమైతే ధర కూడ స్వల్పమే. గత ఎన్నికల అంకెలు ఏమి చెబుతున్నాయి, పోటీ హోరాహోరీగా ఉన్నదా, లేక ఒకరి గెలుపు ముందే తేలిపోయిందా? తేలిపోయిన చోట మనసుకు నచ్చినవానికి వేసినందువలన ఏ నష్టమూ లేదు. నాకు నచ్చిన అభ్యర్థి ఎన్నికలు లేని రోజులలో కూడ ఈ బస్తీలో కనిపించాడా, లేక నామినేషన్ నాడే మొదటిసారి చూశానా? చివరిది: ఇతడు ఓడినా రేపు నిలిచి పనిచేస్తాడా, నేనూ అతనితో నిలుస్తానా? 1983 నాటి విజయం వెనుక నెలల తరబడి ఊరూరా తిరిగిన శ్రమ ఉంది. ఓటు వేసి ఇంటికి పోయి తలుపు మూసుకున్నవాని మూడవ పక్షం మూడవదిగానే మిగిలిపోతుంది.

ఆ తండ్రికి కూడ ఒక మాట మనవి చేయాలి. ఓటు గుర్రపుపందెం కాదు. గెలిచే గుర్రం మీద కట్టినవానికి ఇక్కడ బహుమానం ఏమీ ముట్టదు. గెలిచినవాడు మన ఓటును లెక్కలో చూస్తాడు గాని ముఖం చూడడు.

అసలు వృథా అయిన ఓట్లు ఎక్కడున్నాయో 2025 నవంబరు 11న కనబడింది. జూబ్లీహిల్స్ ఓటర్లలో ఆనాడు ఓటు వేసినవారు సగం మంది కూడ లేరు. మిగిలినవారు ఒకటవవానికీ వెయ్యలేదు, మూడవవానికీ వెయ్యలేదు. ఆ ఓట్లను ఏ పక్షమూ లెక్కించుకోదు, ఏ నాయకుడూ వాటికి జంకడు.

ఆ విద్యార్థి మరునాడు తరగతికి వచ్చినప్పుడు అతని ఎడమచేతి చూపుడువేలిపై సిరా గుర్తు చూశాను. ఎవరికి వేశాడో నేను అడగలేదు, అతడు చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు. అతని తండ్రికి కూడ లేదు. ఆ తెర వెనుక నిలిచిన ఆ కొద్ది క్షణాలు అతనివే. ఆ క్షణాలలో అతడు భయపడి గాక ఆలోచించి మీట నొక్కి ఉంటే, అతని ఓటు ఎవరికి పడినా సార్థకమైనట్లే.